విషువం మార్చిలో, వేడుక ఏప్రిల్‌లో: శ్రీలంక క్యాలెండరులో సూర్యుడి లెక్క

మార్చి మూడో వారం వచ్చేసరికి ఉష్ణమండల దేశాల్లోని ఫోన్లలో ఒక హెచ్చరిక తిరగడం మొదలవుతుంది. విషువం (పగలూ రాత్రీ సమానమనే రోజు) కారణంగా సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడనీ, కొన్ని రోజులపాటు ఎండ 40 డిగ్రీలకు చేరుతుందనీ, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఇల్లు కదలవద్దనీ దాని సారాంశం. 2016లో సింగపూర్, మలేసియాల్లో ఇది జోరుగా తిరిగితే అక్కడి వాతావరణ శాఖలు ఖండించవలసి వచ్చింది. ఖండనను జనం వారంలో మరిచిపోతారు. సందేశం మాత్రం ఊరి పేరు మార్చుకుని మరుసటి ఏడాదికి మళ్లీ తయారు.

శ్రీలంక విషయంలో ఈ గందరగోళానికి ఇంకొంచెం ఆస్కారం ఉంది. అక్కడ మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు సూర్యచంద్రుల విశేషాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. 2025 సంవత్సరాన్నే తీసుకుందాం. మార్చి 13న మెదిన్ (సింహళ నెల పేరు) పౌర్ణమి, 20న విషువం, ఏప్రిల్ 7 ప్రాంతంలో కొలంబో నడినెత్తిన సూర్యుడు, 12న బక్ పౌర్ణమి, 14 తెల్లవారుజామున కొత్త సంవత్సరం. రెండు పౌర్ణములకూ కొత్త సంవత్సరానికీ ప్రభుత్వ సెలవు ఉంది. నడినెత్తి సూర్యుడి గురించి వాతావరణ శాఖ ఏ రోజుకారోజు చెబుతుంది. విషువానికి మాత్రం సెలవు లేదు, పూజ లేదు, ప్రత్యేకించి వండుకునే వంటకమూ లేదు.

జనాభాలో దాదాపు 70 శాతం బౌద్ధులున్న దేశమిది. ఇదే విషువాన్ని జపాను బౌద్ధులు వారం రోజులపాటు పాటిస్తారు. మరి లంకలో ఆ రోజును ఎవరూ ఎందుకు పట్టించుకోరు? దీనికి జవాబులో కొంత ఖగోళం, కొంత భూగోళం, కొంత వినయ పిటకం (బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం) ఉన్నాయి. ముందు ఖగోళం సంగతి.

పగలూ రాత్రీ నిజంగా సమానమేనా?

భూమి అక్షం తన కక్ష్యకు నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు వాలి ఉంది. అందువల్ల ఏడాదిలో ఇంచుమించు సగం కాలం సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరాన, మిగతా సగం దక్షిణాన ఉన్నట్టు కనిపిస్తాడు. ఒక పక్క నుంచి మరో పక్కకు దాటే క్షణం విషువం. అది మార్చి 20 లేదా 21న ఒకసారి, సెప్టెంబరు 22 లేదా 23న ఇంకోసారి వస్తుంది. 2025 మార్చిలో ఆ క్షణం భారత, శ్రీలంక గడియారాల ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 31 నిమిషాలు.

ఆ రోజు పగలూ రాత్రీ సమానమని బడిలో చదువుకున్నాం. ఇది స్థూలంగానే నిజం. సూర్యబింబం పైఅంచు తొంగిచూడగానే ఉదయం అంటాం, పైఅంచు కూడా మునిగితేగాని అస్తమయం అనం. దీనికి తోడు వాతావరణం కాంతిని వంచి, దిగంతం కింద ఉన్న సూర్యుణ్ణి కాస్త పైకెత్తి చూపిస్తుంది. రెండూ కలిసి పగటికి ఆరేడు నిమిషాలు కలుపుతాయి. దాంతో మార్చి 20న కొలంబోలో పగలు 12 గంటల 7 నిమిషాల దాకా ఉంటుంది. సరిగ్గా 12 గంటల పగలు అక్కడ మార్చి 3 ప్రాంతంలోనే వచ్చి వెళ్లిపోతుంది. హైదరాబాదులో అది మార్చి 13 ప్రాంతం, టోక్యోలో 17 ప్రాంతం. భూమధ్యరేఖ మీద ఉన్న ఊరికైతే సరిగ్గా 12 గంటల పగలు ఏనాడూ రాదు, ఏడాది పొడవునా ఆ ఏడు నిమిషాలు ఎక్కువే.

అసలు విషయం ఇంతకన్నా పెద్దది. కొలంబోలో అతి చిన్న పగలు 11 గంటల 43 నిమిషాలు, అతి పెద్దది 12 గంటల 31 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా ముప్పావు గంట. టోక్యోలో ఆ తేడా దాదాపు ఐదు గంటలు. చలికాలంలో నాలుగున్నరకే చీకటిపడే చోట పగలు రాత్రిని అందుకునే రోజు ఒక సంఘటన. ఆరు గంటలకు అటూఇటూ పొద్దు పొడిచి, ఆరింటికి అటూఇటూ పొద్దుగుంకే చోట దాన్ని గుర్తించడానికి గడియారం కావాలి.

నీడ మాయమయ్యే రోజు వేరు

ఫోన్లలో తిరిగే సందేశం ఇక్కడే పప్పులో కాలేసింది. విషువం నాడు సూర్యుడు నడినెత్తిన ఉండేది భూమధ్యరేఖ మీద మాత్రమే. శ్రీలంక అక్కడి నుంచి ఆరు నుంచి పది డిగ్రీల ఉత్తరాన ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సూర్యుడి నడినెత్తి స్థానం రోజుకు దాదాపు 0.4 డిగ్రీల చొప్పున, అంటే నేల మీద 43 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతుంది. దక్షిణ కొసన ఉన్న దొంద్ర నుంచి ఉత్తర కొసన ఉన్న పాయింట్ పెడ్రో వరకు దూరం సుమారు 430 కిలోమీటర్లు. 43తో భాగిస్తే పది రోజులు. వాతావరణ శాఖ ఏటా ప్రకటించే గడువు కూడా అదే: ఏప్రిల్ 5 నుంచి ఏప్రిల్ మధ్య వరకు. ఆ రోజుల్లో వాతావరణ సూచన చివర, ఆనాడు ఏయే ఊళ్ల మీద సూర్యుడు నిలువుగా ఉంటాడో పేర్లతో సహా వస్తుంది. సమయం మధ్యాహ్నం 12 గంటల 10, 12 నిమిషాల ప్రాంతం. మళ్లీ ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో సూర్యుడు అదే దారిన దక్షిణానికి తిరిగి వస్తాడు. లంక దాటి ఉత్తరానికి సాగే ఈ సూర్యుడు హైదరాబాదు నడినెత్తికి మే 9 ప్రాంతంలో చేరతాడు, తిరుగు ప్రయాణంలో ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ పలకరిస్తాడు. మన పత్రికలు నీడ లేని రోజు అని రాసేది వీటి గురించే.

ఇక ఎండ. మార్చి 20న కొలంబోలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఏడు డిగ్రీల దూరంలో ఉంటాడు. ఏడు డిగ్రీల వాలు వల్ల నేల మీద పడే కాంతి తగ్గేది ఒక్క శాతంలోపు. అంటే విషువం నాటి ఎండకూ, పదిహేను రోజుల తరువాతి నిలువు ఎండకూ సూర్యుడి కోణం వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. లంకలో మార్చి, ఏప్రిల్ ఉక్కపోతకు పెద్ద కారణం గాలి. ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గి, నైరుతి ఇంకా రాని ఈ సంధికాలంలో గాలి దాదాపు స్తంభించి, తేమ నిలిచిపోతుంది. సాయంత్రం ఉరుములతో వాన పడితేగాని ప్రాణం కుదుటపడదు.

రైతుకూ అంతే. లంకలో వ్యవసాయం ఏడాదిని రెండుగా చూస్తుంది: ఈశాన్య వానలతో సాగే మహా పంటకాలం, నైరుతి వానలతో సాగే యల పంటకాలం. మహా వరి కోసి, యలకు దుక్కి దున్నే మధ్య విరామంలో ఏప్రిల్ వస్తుంది. ఈ చక్రాన్ని తిప్పేవి వానలు. పగటి పొడవుకు అందులో చోటు లేదు.

భిక్షువులు చూసేది చంద్రుణ్ణి, మిట్టమధ్యాహ్నాన్ని

లంక బౌద్ధులు అనుసరించే థేరవాద సంప్రదాయంలో పవిత్ర దినాలన్నీ చంద్రుడివే. ఇతర మతాల పరివ్రాజకులు పక్షంలో ఎనిమిదో, పద్నాలుగో, పదిహేనో రోజుల్లో సమావేశమై ధర్మం చెబుతుంటే జనం వారి వైపు ఆకర్షితులవుతున్నారని, మన సంఘమూ అలా చేస్తే బాగుంటుందని మగధ రాజు బింబిసారుడు బుద్ధుణ్ణి కోరాడనీ, ఉపోసథం (ధర్మం వినే పవిత్ర దినం) అలా మొదలైందనీ వినయ పిటకం చెబుతుంది. శ్రీలంకలో ఉపోసథ దినమే పోయ. ప్రతి పౌర్ణమీ ప్రభుత్వ సెలవు, మద్యం దుకాణాలు మూత. 1966 నుంచి 1971 వరకు ఆ దేశం ఇంకో అడుగు ముందుకు వేసి, ఆదివారం సెలవును రద్దుచేసి చంద్రకళలను బట్టి వారాంతాలను ఇచ్చింది. బ్యాంకులకూ విదేశీ వ్యాపారానికీ ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. చివరికి ఆదివారమే గెలిచింది.

ప్రతి పౌర్ణమికీ ఒక కథ ఉంది. మెదిన్ పౌర్ణమి బుద్ధుడు జ్ఞానోదయం తరువాత తొలిసారి కపిలవస్తుకు వెళ్లినందుకు, బక్ పౌర్ణమి ఆయన లంక ఉత్తరాన ఉన్న నాగదీపానికి వచ్చాడన్న నమ్మకానికి, పొసొన్ పౌర్ణమి బౌద్ధాన్ని తెచ్చిన మహిందుడు లంకలో అడుగుపెట్టినందుకు గుర్తు. విషువం ఒక్కోసారి మెదిన్ పౌర్ణమికి ముందు పడుతుంది, ఒక్కోసారి తరువాత. ఆ రెంటికీ పొత్తు కుదరదు.

అయితే భిక్షువులకు సూర్యుడితో పని లేదనుకోవడం పొరపాటు. మిట్టమధ్యాహ్నం దాటాక వారు భోజనం చేయరాదు కనుక ప్రతిరోజూ సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటే వేళ వారికి ముఖ్యం. కొలంబోలో ఈ వేళ ఏడాది పొడవునా ఒకలా ఉండదు: నవంబరు మొదట్లో 11 గంటల 54 నిమిషాలు, ఫిబ్రవరి మధ్యలో 12 గంటల 25 నిమిషాలు, విషువం నాడు 12 గంటల 18 నిమిషాలు. ఆలోచిస్తే ఇది విచిత్రంగా లేదూ? రోజూ సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండే సంఘానికి ఏడాదికి రెండుసార్లు వచ్చే సూర్య విశేషం అక్కర్లేకపోయింది.

నక్షత్రాల గురించి పాళీ గ్రంథాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. సూర్యచంద్రుల గమనాలను, గ్రహణాలను చూసి ఫలితాలు చెప్పి పొట్టపోసుకోవడం నీచ విద్య అని బ్రహ్మజాల సుత్తం అంటుంది. మరోచోట అరణ్యవాసులైన భిక్షువుల కథ ఉంది. దొంగలు వచ్చి ఈరోజు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడని అడుగుతారు. భిక్షువులు తెలియదంటారు. దిక్కులూ తెలియవంటారు. అయితే మీరు సన్యాసులు కారు, దొంగలే అని వాళ్లు తన్ని పోతారు. ఆ తరువాత అరణ్యంలో ఉండే భిక్షువులు నక్షత్రాలనూ దిక్కులనూ నేర్చుకోవాలని బుద్ధుడు నియమం పెట్టాడట. నక్షత్రం తెలిసి ఉండాలి, దాన్ని అమ్ముకోకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఈనాటికీ తేలలేదు. దాని సంగతి తరువాత వస్తుంది.

అదే రోజు జపానులో ఎందుకు పండుగ?

జపానులో విషువానికి ముందు మూడు రోజులు, వెనుక మూడు రోజులు కలిపి ఏడు రోజులు హిగన్. కుటుంబాలు పూర్వీకుల సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, ముద్దగా ఉడికిన బియ్యానికి తీపి ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం పట్టించిన ఉండలు నైవేద్యం పెడతాయి. ఈ ఆచారం 806 నాటికే నమోదైంది. 1948 సెలవుల చట్టం రెండు విషువాలనూ జాతీయ సెలవులు చేసింది. కచ్చితమైన తేదీని జాతీయ ఖగోళ వేధశాల లెక్క ప్రకారం ముందు ఏడాది ఫిబ్రవరిలో గెజిట్‌లో ప్రకటిస్తారు.

బౌద్ధపరంగా దీనికి చెప్పే కారణం అందంగా ఉంటుంది. అమితాభ బుద్ధుడి సుఖావతి అనే స్వర్గధామం పడమటి దిక్కున ఉందని నమ్మకం. సూర్యుడు సరిగ్గా పడమటన కుంగేది విషువం నాడే గనుక ఆ రోజు అస్తమయాన్ని చూస్తూ ధ్యానిస్తే మనసు సూటిగా అటు పోతుందట. థేరవాదంలో సుఖావతి లేదు, కాబట్టి లంకలో పడమటికి ఆ ప్రత్యేకత రాలేదు.

చలైనా వేడైనా హిగన్ దాకానే అని జపాను సామెత. రుతువు మారడం ఒంటికి తెలిసే చోట విషువానికి విలువ ఉంటుందన్న వాదానికి ఇది బలమిస్తుంది. కానీ అక్షాంశం ఒక్కటే కారణమైతే అంతే ఉత్తరాన ఉన్న చైనా, కొరియాల్లోని మహాయాన బౌద్ధులూ హిగన్ పాటించాలి. వారికి అది లేదు. జపానులో బౌద్ధం రాకముందే ఉన్న పూర్వీకుల ఆరాధన, పొలం పనుల ఆచారాలు ఈ పండుగలో కలిశాయని అనేవారున్నది ఇందుకే. నాకు తోచినంతలో, పగటి పొడవు మారడం ఆ పండుగకు అవకాశం ఇచ్చింది, సిద్ధాంతమూ స్థానిక ఆచారమూ దాన్ని వాడుకున్నాయి. లంకలో మొదటి అవకాశమే లేదు.

ఏప్రిల్ 14: చోటు మారిన విషువం

ఇంతవరకు చెప్పింది సగం కథే. లంకలో అతి పెద్ద సామాజిక వేడుక అలుత్ అవురుద్ద, అంటే కొత్త సంవత్సరం, పూర్తిగా సూర్యుడి పండుగ. సూర్యుడు మీనరాశి వదిలి మేషరాశిలో అడుగుపెట్టే క్షణంతో అది మొదలవుతుంది. అదే మేష సంక్రాంతి. థాయిలాండ్‌లో సోంగ్‌క్రాన్, మయన్మార్‌లో థింజాన్, కంబోడియా, లావోస్‌లలో కొత్త సంవత్సరం, తమిళుల పుత్తాండు, కేరళ విషు అన్నీ ఆ లెక్క మీద నడిచేవే. ఒడిశాలో ఈ రోజు పేరే మహావిషువ సంక్రాంతి. ఏప్రిల్ మధ్యలో విషువం ఎలా వచ్చింది?

తిరిగే బొంగరం తల ఊపినట్టు భూమి అక్షం కూడా నెమ్మదిగా ఊగుతుంది. ఒక ఊగుకు పట్టే కాలం దాదాపు 25,800 ఏళ్లు. దీనివల్ల నక్షత్రాలతో పోల్చినప్పుడు విషువ బిందువు ఏటా కొంచెం వెనక్కి జరుగుతుంది. సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. అంటే సంవత్సరాన్ని రెండు రకాలుగా కొలవవచ్చు. విషువం నుంచి విషువానికి కొలిస్తే సాయన సంవత్సరం, 365.2422 రోజులు. ఒక నక్షత్రం దగ్గర నుంచి తిరిగి అదే నక్షత్రం దగ్గరికి కొలిస్తే నిరయన సంవత్సరం, 365.2564 రోజులు. తేడా 20 నిమిషాల చిల్లర. మన పంచాంగాలు నక్షత్రాలను పట్టుకున్నాయి, వాతావరణం విషువాన్ని పట్టుకుంది. రెంటి మధ్య పెరిగిన ఎడమే అయనాంశ. భారతదేశంలో ఎక్కువగా వాడే లెక్కలో ఈ ఎడం 285 ప్రాంతంలో సున్న, ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. సూర్యుడు 24 డిగ్రీలు నడవడానికి సుమారు 24 రోజులు పడుతుంది. మార్చి 20కి 24 కలిపితే ఏప్రిల్ 13.

తెలుగువారికి ఈ ఎడం ఇంట్లోనే కనిపిస్తుంది. పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో అయితే, ఉత్తరాయణ పుణ్యకాలం అని మనం పండుగ చేసుకునే మకర సంక్రాంతి జనవరి 14న వస్తుంది. ఆ ఎడమే ఈ ఎడం. మన ఉగాది మాత్రం చంద్రుడితో ముడిపడింది కాబట్టి ఈ లెక్కలో నేరుగా పడదు. ఇంకో చిన్న సంగతి: నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం సింహళ విహారం ఉండేదని అక్కడి ఇక్ష్వాకుల కాలపు శాసనం చెబుతుంది. అది మూడో శతాబ్దం. విషువమూ మేష సంక్రాంతీ దాదాపు కలిసి ఉన్న కాలం కూడా అదే.

ఈ జరుగుడుకు ఒక మంచి సాక్షి దొరికాడు. రాబర్ట్ నాక్స్ అనే ఆంగ్లేయుడు 1660 నుంచి 1679 వరకు కాండీ రాజ్యంలో బందీగా ఉన్నాడు. సింహళీయుల కొత్త సంవత్సరం మార్చి 28న, అప్పుడప్పుడు ఒక రోజు అటూఇటూగా మొదలవుతుందని రాశాడు. ఇంగ్లండు అప్పటికి పాత జూలియన్ క్యాలెండరులోనే ఉంది. పది రోజులు కలిపితే నేటి లెక్కలో ఏప్రిల్ 7. అప్పటి నుంచి సుమారు 345 ఏళ్లు. ఏటా 20 నుంచి 24 నిమిషాల జరుగుడు చొప్పున గుణిస్తే ఐదారు రోజులు. ఏప్రిల్ 7కు కలపండి, నేటి పండుగ తేదీ దగ్గరికి వచ్చేస్తాం. 24 నిమిషాలు ఎందుకంటే మన ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం సంవత్సరాన్ని అసలు నిరయన సంవత్సరం కన్నా ఇంకో మూడు నిమిషాలు పొడవుగా లెక్కించింది. మయన్మార్, థాయి సంప్రదాయ గణితం వాడేదీ 800 ఏళ్లకు 2,92,207 రోజులనే ఆ కొలతే.

పన్నెండు గంటల 48 నిమిషాల విరామం ఎక్కడిది?

అవురుద్దలో బయటివారికి వింతగా తోచేది పుణ్యకాలం. పాత సంవత్సరానికీ కొత్త సంవత్సరానికీ చెందని ఈ కాలంలో పొయ్యి వెలిగించరు, వండరు, తినరు, పని ముట్టరు. విహారానికి వెళతారు. 2025లో సంక్రమణ క్షణం ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3 గంటల 21 నిమిషాలు. పుణ్యకాలం ముందురోజు రాత్రి 8:57 నుంచి ఉదయం 9:45 వరకు. అంటే అటు ఆరు గంటల 24 నిమిషాలు, ఇటు ఆరు గంటల 24 నిమిషాలు, మొత్తం 12 గంటల 48 నిమిషాలు. 2024లో కూడా ఇంతే.

ఈ అంకె గాలిలోంచి ఊడిపడలేదు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు 32 కళలు, అంటే ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో 32. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ నడుస్తాడనుకుంటే బింబం ముందంచు రాశి సరిహద్దును తాకింది మొదలు వెనుకంచు దాటేవరకు 32/60 రోజు పడుతుంది. లెక్కగడితే సరిగ్గా 12 గంటల 48 నిమిషాలు. సూర్యుడి అడుగు రెండు సంవత్సరాల్లోనూ ఉన్నంతసేపు మనిషి పని ఆపి కూర్చుంటాడన్నమాట. ఆ తరువాత పొయ్యి వెలిగించడానికి, కొత్త కుండలో పాలు పొంగించడానికి, కిరిబత్ అనే కొబ్బరిపాల అన్నం తినడానికి, చేతులు మారే తొలి డబ్బుకు, తలకు నూనె పెట్టించుకోవడానికి విడివిడిగా శుభ ముహూర్తాలుంటాయి. వాటిని సింహళంలో నెకత్ అంటారు. ప్రభుత్వమే జ్యోతిష్కుల సంఘంతో ఖరారు చేయించి ప్రకటిస్తుంది.

ఇంతకీ ఇది బౌద్ధ పండుగేనా?

ఇక్కడ వాదనలు గట్టిగానే ఉన్నాయి. కాదనేవారు చూపేది పాళీ వాఙ్మయాన్నే. ముహూర్తం చూసుకుంటూ కూర్చుని పెళ్లి చెడగొట్టుకున్నవారి గురించి జాతక కథల్లో ఒకటుంది. మంచి పని జరగడమే మంచి నక్షత్రం, తారలేం చేస్తాయి అన్నది దాని గాథ భావం. పైగా బుద్ధుడి జీవితంలోని ఏ ఘట్టమూ ఈ రోజుతో ముడిపడి లేదు. తమిళ హిందువులూ ఇదే రోజు, ఇదే సంక్రాంతిని పాటిస్తారు. అధికారికంగా దాని పేరు కూడా సింహళ, తమిళ కొత్త సంవత్సరం.

అవుననేవారి మాట వేరు. పుణ్యకాలంలో జనం పోయేది విహారానికే. తలకు నూనె పెట్టే వేడుకను చాలాచోట్ల భిక్షువులే జరిపిస్తారు. తరతరాలుగా బౌద్ధ కుటుంబాలు చేసుకునే దాన్ని గ్రంథంలో లేదని బౌద్ధం కాదనడం పుస్తకాన్ని చూసి మనుషుల్ని మరిచిపోవడమే అని వారి వాదన. మయన్మార్, థాయిలాండ్‌లలో ఈ కలయిక మరీ స్పష్టంగా కనిపిస్తుంది. థింజాన్ రోజుల్లో బౌద్ధ రక్షకుడైన ఇంద్రుడు భూమికి దిగి మంచివారి పేర్లు బంగారు పుస్తకంలో, చెడ్డవారి పేర్లు కుక్కతోలు పుస్తకంలో రాసుకుంటాడని బర్మీయుల నమ్మకం. ఆయన దిగే వేళ, తిరిగి వెళ్లే వేళ పంచాంగ గణితంతో తేలేవే. థాయిలాండ్‌లో జనం బుద్ధ విగ్రహాల మీద సుగంధ జలం పోశాకే వీధిలో నీళ్లు చల్లుకోవడానికి దిగుతారు. మతం చంద్రుడిది, సంవత్సరం సూర్యుడిది అని పని పంచుకున్నట్టుంది ఈ దేశాల్లో. ఎవరి రోజు వారిది.

రాతి ఆలయాల్లో విషువం: అంకోర్, పనోం రుంగ్

ఉష్ణమండల బౌద్ధ దేశంలో అసలైన విషువం కోసం జనం గుమిగూడే చోటు ఒకటుంది, కంబోడియాలోని అంకోర్ వాట్. మార్చి, సెప్టెంబరు విషువాల నాడు, వాటికి ఒకటి రెండు రోజులు అటూఇటూ, పడమటి రాతిబాట మీద నిలబడితే సూర్యుడు నట్టనడి గోపురం కొన మీద ఉదయిస్తాడు. చీకటితోనే కెమెరాలు వరసకడతాయి. అయితే పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ దీన్ని కట్టించింది విష్ణువుకు. బౌద్ధ క్షేత్రం తరువాత అయింది.

ఈ అమరిక కావాలని చేసిందేనా అన్నది ఇంకో చర్చ. ఆలయ కొలతల్లో కాలగణన అంకెలు దాగి ఉన్నాయనీ, విషువం లెక్కలోనిదేననీ 1970ల నుంచి కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. తూర్పు పడమరలకు సూటిగా కట్టిన ఏ కట్టడంలోనైనా విషువం నాడు సూర్యుడు నడిమధ్యకే వస్తాడు కదా, వాస్తులో దిక్కు చూడటం వేరు, విషువాన్ని పూజించడం వేరు అన్నది మరో పక్షం. రెండో వాదానికి నేను కాస్త ఎక్కువ మొగ్గుతాను. ఖ్మేర్ శిల్పులకు విషువం తెలుసు అనడంలో సందేహం లేదు. దిక్కు కచ్చితంగా పట్టుకోవడానికే సూర్యుణ్ణి పరిశీలించాలి. ఆ రోజున అక్కడ ఒక ఉత్సవం జరిగేదని చెప్పాలంటే మాత్రం అమరిక ఒక్కటే చాలదు.

థాయిలాండ్‌లోని పనోం రుంగ్ శివాలయం ఈ జాగ్రత్త ఎందుకో చూపిస్తుంది. కొండ మీది ఆ గుడిలో వరసగా ఉన్న పదిహేను ద్వారాల గుండా సూర్యోదయం కనిపించే రోజుల్లో పెద్ద జాతర. కొందరు దాన్నీ విషువమే అనేస్తారు. తేదీలు చూడండి: ఉదయం కనిపించేది ఏప్రిల్ 3 నుంచి 5 వరకు, సెప్టెంబరు 8 నుంచి 10 వరకు. అస్తమయం కనిపించేది మార్చి 5 నుంచి 7, అక్టోబరు 5 నుంచి 7. విషువానికి ఇటు రెండు వారాలు, అటు రెండు వారాలు. గుడి అక్షం సరిగ్గా తూర్పుకు కాకుండా ఐదున్నర డిగ్రీలు ఉత్తరానికి తిరిగి ఉండటమే కారణం. తూర్పు కొస ఉత్తరానికి వాలితే పడమటి కొస దక్షిణానికి వాలుతుంది, కనుక ఉదయానికీ అస్తమయానికీ తేదీలు వేరయ్యాయి.

పండుగను మళ్లీ మార్చికి జరపాలా?

సంక్రాంతి విషువానికి దూరమవుతోంది కాబట్టి సరిదిద్దాలన్న ఆలోచన కొత్తది కాదు. భారతదేశంలో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడ్డ పంచాంగ సంస్కరణ సంఘం అదే చెప్పింది. దాని సిఫారసుతో 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన జాతీయ క్యాలెండరులో చైత్రం ఒకటో తేదీ విషువం దాటిన ఒకటి రెండు రోజుల్లోనే, మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న వస్తుంది. గెజిట్ మీద, ఆకాశవాణి ప్రకటనల్లో ఆ తేదీ నేటికీ ఉంది. ఆ రోజున కొత్త బట్టలు కట్టుకున్న ఇల్లు ఒక్కటీ కనబడదు.

సరిదిద్దాలనేవారి తర్కం బలమైనదే. ఇలాగే వదిలేస్తే సుమారు రెండు వేల ఏళ్లలో మేష సంక్రాంతి మే మధ్యకు చేరి లంకలో నైరుతి వానల అంచున పడుతుంది, కోతల తరువాతి విరామానికి పెట్టుకున్న పండుగ దుక్కుల్లోకి జారుతుంది. వద్దనేవారు చెప్పేది, పండుగ నక్షత్ర రాశితో ముడిపడింది, పగటి పొడవుతో ముడిపడలేదు కనుక దిద్దడానికి అందులో తప్పే లేదని. పైగా రెండు వేల ఏళ్ల తరువాతి దుక్కుల కోసం ఈ ఏటి ముహూర్తాన్ని ఎవరు మార్చుకుంటారు?

థాయిలాండ్ మధ్యేమార్గం పట్టింది. కొత్త సంవత్సరాన్ని 1889లో ఏప్రిల్ 1కి, 1941లో జనవరి 1కి మార్చేసి, సోంగ్‌క్రాన్ సెలవులను మాత్రం ఏప్రిల్ 13, 14, 15 తేదీలకు కట్టేసింది. గణితం ప్రకారం పాత లెక్కలో సంవత్సరం మారే రోజు ఇప్పుడు ఏప్రిల్ 15 లేదా 16. ఆ అంకె దాదాపు 60 ఏళ్లకో రోజు చొప్పున ముందుకు జరుగుతూనే ఉంటుంది, సెలవులు మాత్రం కదలవు.